8 మీటర్ల రబ్బరు ధమనిలో నిల్వ ఎంత, అల ఎంత: ప్రాజెక్టు డైరీ

ధమనిని అనుకరించే ఈ రబ్బరు గొట్టం రిగ్‌ని (ప్రయోగ అమరికని) ఇంకెవరైనా కట్టుకోవాలనుకుంటే నా కొలతలు పనికొస్తాయి, నేను పోగొట్టుకున్న గంటలు వాళ్లకు మిగులుతాయి. అందుకే విఫలమైన భాగాలనే ఎక్కువగా రాశాను. ప్రతి దశ చివర మొత్తం గంటలు, స్ట్రోకుల (పంపు ఒక్కో తోపు) లెక్క ఉంటుంది.

దశ 0: తేల్చుకోవాల్సిన ప్రశ్న

గుండె ఒక్కసారి కొట్టుకుంటే ధమనిలో పీడనం లేస్తుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. ఆ గీత అలాగే ఎందుకు ఉంటుందన్న దాని మీద రెండు వివరణలున్నాయి.

మొదటిది గాలి గది. పాత ఫైరింజన్ పంపుల్లో ఒక గాలి గది ఉండేది. పంపు కొట్టి ఆగి, కొట్టి ఆగి నీళ్లు పంపినా గొట్టంలోంచి ధార తెగకుండా వచ్చేది దాని వల్లే. సాగే ధమనులూ అదే పని చేస్తున్నాయని స్టీఫెన్ హేల్స్ 1733లో పోల్చి చెప్పాడు. 1899లో ఓటో ఫ్రాంక్ దానికి లెక్క కట్టాడు. ఆ గదికి జర్మన్‌లో ఉన్న పేరే విండ్‌కెసెల్. ఈ లెక్కలో ధమనులన్నీ కలిపి ఒకటే సంచి. పీడనం అంతటా ఒకేసారి పెరుగుతుంది, ఒకేసారి తగ్గుతుంది. అల అనే మాటే రాదు.

రెండోది అల. పీడనం గొట్టం వెంట ఒక వేగంతో ప్రయాణిస్తుంది, కొస తగిలి వెనక్కి వస్తుంది. ఒకే చోట పీడనం, ప్రవాహం రెండూ కొలిస్తే ముందుకెళ్లే అలని, వెనక్కొచ్చే అలని విడదీయొచ్చని 1972లో వెస్టర్‌హోఫ్ బృందం చూపించింది. 1990లో పార్కర్, జోన్స్ అల తీవ్రత అనే పద్ధతి తెచ్చారు.

గొడవ మొదలైంది 2003లో. వాంగ్, టైబర్గ్, పార్కర్ తదితరులు రెండు వివరణలనూ కలిపేశారు. కొలిచిన పీడనంలోంచి ముందు నిల్వ పీడనం (సంచి లెక్క ఇచ్చే భాగం) తీసేయాలి, మిగిలిన మిగులు పీడనమే అల అన్నారు. అలా తీసేశాక చూస్తే వెనక్కొచ్చే అల బాగా చిన్నదైపోతుంది. 2012లో మైనార్డ్ బృందం, సెగర్స్ బృందం విడివిడిగా దీన్ని తప్పుపట్టాయి. నిల్వ పీడనం కూడా అలలతోనే తయారవుతుంది, దాన్ని ముందే తీసేస్తే లేని అలలు పుట్టుకొస్తాయి, ఉన్నవి మాయమవుతాయి అన్నది వాళ్ల అభ్యంతరం.

ఇది మాటల పట్టింపు కాదు. వయసు మీద పడ్డాక పై బీపీ పెరిగేది కొసల నుంచి తిరిగొచ్చే అలల వల్లా, సంచి బిరుసెక్కడం వల్లా అన్నదాన్ని బట్టి మందు ఎక్కడ పని చేయాలన్నది మారుతుంది. మనిషి ధమనిలో నిజమైన జవాబు ముందే తెలిసే దారి లేదు. రబ్బరు గొట్టంలో ఉంది. గొట్టం పొడవు, కొస, పంపు అన్నీ మనం పెట్టినవే కాబట్టి అల ఎప్పుడు తిరిగి రావాలో ముందే లెక్కకట్టొచ్చు. అప్పుడు రెండు పద్ధతుల్లో ఏది నిజం చెబుతోందో చూడొచ్చు.

దశ 1: పంపు

ప్రవాహం కొలిచే మీటరు నా దగ్గర లేదు. కాబట్టి ప్రవాహాన్ని కొలవకుండా, నేనే నిర్ణయించి పంపాలనుకున్నాను. 60 మి.లీ. సిరంజి, దాన్ని నెట్టే స్టెప్పర్ మోటారు. మోటారు ఎన్ని అడుగులు వేసిందో తెలిస్తే ఎన్ని మి.లీ. వెళ్లాయో తెలిసిపోతుంది.

స్ట్రోకు ఇది: 0.25 సెకన్లలో 6 మి.లీ., అర్ధ సైన్ ఆకారంలో. గరిష్ఠ ప్రవాహం సెకనుకి 37.7 మి.లీ. ఆ తర్వాత పిస్టన్ కదలకుండా నిలబడుతుంది. అంటే స్ట్రోకు అయ్యాక లోపలికి వెళ్లే ప్రవాహం కచ్చితంగా సున్నా. మూసుకున్న గుండె కవాటానికి ఇదే నా ప్రత్యామ్నాయం.

మొదట లీడ్ స్క్రూ పెట్టాను, ఒక చుట్టుకి 8 మి.మీ. కదిలేది. సిరంజి లోపలి వ్యాసం 27 మి.మీ. కాబట్టి గరిష్ఠ ప్రవాహం దగ్గర స్క్రూ సెకనుకి 8 చుట్లకు పైగా తిరగాలి. నిమిషానికి దాదాపు 500. 12 వోల్టుల మీద, అంత తక్కువ సమయంలో ఆ వేగం అందుకోలేక మోటారు అడుగులు తప్పింది. చెవికి ఏమీ తేడా తెలియలేదు. పిస్టన్ పక్కన స్కేలు అతికించి చూస్తే తెలిసింది: 10.5 మి.మీ. కదలాల్సింది 9.2 దగ్గర ఆగుతోంది.

మార్చింది:

1. లీడ్ స్క్రూ తీసేసి, ఒక చుట్టుకి 40 మి.మీ. కదిలే పళ్ల బెల్టు వేశాను. ఇప్పుడు గరిష్ఠ వేగం నిమిషానికి 100 చుట్లే.
2. అడుగులు పెద్దవైతే ప్రవాహం కుదుపులుగా వస్తుంది కాబట్టి ఒక్కో అడుగును 16 ముక్కలు చేశాను.
3. పది స్ట్రోకులు కొలపాత్రలోకి కొట్టించాను. 60 మి.లీ. రావాల్సింది 59.4 వచ్చాయి. ఆ ఒక్క శాతం సిరంజి రబ్బరు నొక్కుకోవడం వల్ల అనుకుని వదిలేశాను.

మూడో తనిఖీ దాటకుండా ముందుకు వెళ్లకండి. తర్వాత చేసే ప్రతి విభజనలోనూ ఈ ప్రవాహమే సగం లెక్క.

*మొత్తం: 11 గంటలు. 40 స్ట్రోకులు. పనికొచ్చినవి 0.*

దశ 2: సెన్సర్లు, ఒక అబద్ధపు అల

నేను మొదట వాడిన పీడన సెన్సర్లు గాలికి మాత్రమే. నీళ్లు తగిలితే పాడవుతాయి. అందుకని సెన్సర్‌కీ గొట్టానికీ మధ్య 30 సెం.మీ. సన్న పైపు పెట్టి, సెన్సర్ వైపు 1 మి.లీ. గాలి వదిలాను. చాలామంది ఇలాగే చేస్తారు.

తొలి గ్రాఫు చూడగానే ఆనందించాను. స్ట్రోకు పీడనం లేచి దిగాక ఇంకో మూడు నాలుగు బుడిపెలు, ఒకదాని కంటే ఒకటి చిన్నగా వరసగా ఉన్నాయి. తిరిగొచ్చిన అలలు అనుకున్నాను. కానీ గొట్టం పొడవు 8 మీటర్ల నుంచి 5కి తగ్గించినా బుడిపెలు అదే చోట ఉన్నాయి. అల అయితే కొస దగ్గరైనప్పుడు ముందే రావాలి కదా. పొడవు మారినా స్థానం మారని బుడిపె గొట్టంలోది కాదు.

పరీక్ష సులువు. సన్న పైపు కొసని వేలితో మూసి, సిరంజితో కాస్త పీడనం పెట్టి, వేలు టక్కున తీసేయాలి. పీడనం ఒక్కసారిగా సున్నాకి పడాలి. నాది పడి, సెకనుకి 5 సార్లు చొప్పున ఊగింది. సన్న పైపులో నీటి బరువు, దాని చివర గాలి స్ప్రింగు. లెక్కకట్టినా 5.3 హెర్ట్జ్ వచ్చింది. నేను కొలవాలనుకున్న అల ఉండేదీ ఆ ప్రాంతంలోనే.

రోగి ధమనిలో పెట్టే నీటి లైనులోనూ బుడగ చిక్కితే ఇదే జరుగుతుంది, పై బీపీ తప్పుగా కనిపించొచ్చు. అల ఆకారాల మీద వాదించే ముందు ఆ గీత గీసిన సెన్సర్‌ని ఇలా టక్కున వదిలి చూడటం తప్పనిసరి అని నాకు ఇక్కడ గట్టిగా అర్థమైంది.

మార్చింది:

1. నీళ్లు తగిలినా పాడవని స్టీలు ముఖం సెన్సర్లు తీసుకున్నాను.
2. సన్న పైపు పూర్తిగా తీసేసి సెన్సర్‌ని నేరుగా టీ జాయింటులో బిగించాను.
3. మూడు సెన్సర్లు: 5 సెం.మీ. దగ్గర ఒకటి, 3.85 మీటర్ల దగ్గర రెండోది, 7.8 మీటర్ల దగ్గర మూడోది.

ఇదే ఊపులో పెద్ద గొట్టంలోని చిన్న బుడగలన్నీ తీయడానికి రెండు గంటలు తగలేశాను. అది అనవసరం. గొట్టమే అంత మెత్తగా ఉన్నప్పుడు ఒకట్రెండు మి.లీ. గాలి దాని సాగుడుకి కలిపేది ఒక శాతం కూడా కాదు. బుడగ ప్రమాదమంతా సెన్సర్ మెడ దగ్గరే.

*మొత్తం: 20 గంటలు. 95 స్ట్రోకులు. పనికొచ్చినవి 0.*

దశ 3: కొస నిరోధం

శరీరంలో చిన్న ధమనులు చేసే పని నా రిగ్‌లో కొస నిరోధం చేయాలి. మొదట మామూలు స్క్రూ క్లాంపు బిగించాను. ప్రవాహం రెట్టింపు చేస్తే పీడన నష్టం దాదాపు నాలుగింతలైంది. సన్నని నొక్కు గుండా నీళ్లు దూసుకెళ్తే అలాగే ఉంటుంది. రెండు నమూనాలూ నిరోధం స్థిరమని అనుకుంటాయి కాబట్టి క్లాంపు పనికిరాదు.

బదులుగా 0.6 మి.మీ. లోపలి వ్యాసం, 10 సెం.మీ. పొడవున్న సన్న గొట్టాలు 72 కట్టగా కట్టి, సందుల్లో జిగురు నింపాను. కట్ట అవతల నీళ్లు 50 సెం.మీ. ఎత్తున్న పొర్లు తొట్టిలోకి పోతాయి. కాబట్టి గొట్టంలో ఎప్పుడూ 4.9 కిలోపాస్కల్ ఆధార పీడనం ఉంటుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, దశ 7లో అక్కరకొస్తుంది.

ఎత్తు మార్చి, కారిన నీళ్లు కొలిచి చూసిన నిరోధం (సెకనుకి మి.లీ.కి కిలోపాస్కల్‌లో):

- 30 సెం.మీ. ఎత్తు: సెకనుకి 6.8 మి.లీ., నిరోధం 0.43
- 60 సెం.మీ. ఎత్తు: సెకనుకి 13.3 మి.లీ., నిరోధం 0.44
- 100 సెం.మీ. ఎత్తు: సెకనుకి 21.7 మి.లీ., నిరోధం 0.45

బాగానే ఉంది. 0.44 తీసుకున్నాను.

మర్నాడు మళ్లీ కొలిస్తే 0.61. ఆ సాయంత్రానికి 0.70. కట్ట ముఖాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూస్తే 72 చుక్కల్లో ఇరవైకి పైగా వెలుగు రావడం లేదు. వేలితో రుద్దితే తెల్లటి పిండి అంటింది. లాటెక్స్ గొట్టం లోపలి గోడలు అతుక్కోకుండా టాల్కమ్ పొడి చల్లి ఉంటుంది. అదంతా కొట్టుకొచ్చి సన్న గొట్టాల మూతుల్లో పేరుకుపోయింది.

లాటెక్స్ గొట్టంలోకి గుడ్డ ముక్క కట్టిన దారం లాగి మూడుసార్లు తుడవాలి, తర్వాత పదిహేను నిమిషాలు నీళ్లు వదలాలి. కట్టని వెనక నుంచి నీళ్లు కొట్టి శుభ్రం చేశాను, 0.44కి తిరిగొచ్చింది. అప్పటి నుంచి ప్రతి సెషను ముందు, తర్వాత నిరోధం కొలుస్తున్నాను. రెండూ 3 శాతం లోపు కలవకపోతే ఆ సెషను మొత్తం పారేస్తాను.

*మొత్తం: 33 గంటలు. 95 స్ట్రోకులు. పనికొచ్చినవి 0.*

దశ 4: పొడవు గొట్టం

లోపలి వ్యాసం 12 మి.మీ., గోడ మందం 1.5 మి.మీ., పొడవు 8 మీటర్లు.

అల వేగం: మొదటి సెన్సర్ నుంచి రెండో సెన్సర్‌కి 3.8 మీటర్లు. శిఖరం నుంచి శిఖరానికి సమయం చూస్తే వేగం సెకనుకి 10.6 మీటర్లు వచ్చింది, పాదం (అల లేవడం మొదలయ్యే చోటు) నుంచి పాదానికి చూస్తే 12.0. దారిలో అల వెడల్పవుతుంది కాబట్టి శిఖరం వెనక్కి జారుతుంది. పాదమే నమ్మాలి. 0.317 సెకన్లు, 12.0 మీటర్లు.

దాన్నుంచి వచ్చే అంకెలు:

- అల నిరోధం, అంటే ఒక అలలో పీడనానికీ ప్రవాహానికీ ఉండే నిష్పత్తి (సాంద్రత × వేగం ÷ అడ్డుకోత): 0.106
- గొట్టం మొత్తం సాగుడు: కిలోపాస్కల్‌కి 6.28 మి.లీ.
- పోయిరావడానికి పట్టే సమయం: 1.33 సెకన్లు
- కొస దగ్గర వెనక్కి తిరగాల్సిన వంతు: (0.44 − 0.106) ÷ (0.44 + 0.106) = 0.61

అలలు మొదలుపెట్టాను. మొదటి సెన్సర్ దగ్గర 4.0 కిలోపాస్కల్ స్ట్రోకు కనబడింది. కానీ 1.33 సెకన్లకు రావాల్సిన అల కంటే ముందే, సుమారు 0.64 సెకన్ల దగ్గర 0.3 కిలోపాస్కల్ బుడిపె ఉంది. ఈసారి సెన్సర్‌ని అనుమానించే ముందు దూరం లెక్కేశాను. 12 × 0.64 ÷ 2 = 3.84 మీటర్లు. అక్కడ ఏముంది? నా రెండో సెన్సరే. దాని టీ జాయింటు లోపలి రంధ్రం 8 మి.మీ. గొట్టం 12. కొలవడానికి పెట్టిన వస్తువే అలని వెనక్కి కొడుతోంది. లోపలి రంధ్రం 12 మి.మీ. ఉన్న టీలు వేస్తే ఆ బుడిపె గీతలో కలిసిపోయింది.

ఇక అసలు ప్రతిఫలనం. 1.33 సెకన్లకు వచ్చింది, సరే. ఎత్తులో మాత్రం తేడా. మూసిన పిస్టన్ దగ్గర రెట్టింపవడాన్ని లెక్కలోంచి తీసేస్తే, వెనక్కొచ్చిన వంతు 0.37. రావాల్సింది 0.61. ఒక పూట నిరోధాన్ని, ఇంకో పూట జిగురు సందుల్లోంచి నీళ్లు కారడాన్ని అనుమానించాను. తప్పు కొలిచిన తీరులో ఉంది. శిఖరం ఎత్తు పోలుస్తున్నాను. రబ్బరు గోడ, నీటి జిగట రెండూ వేగంగా మారే భాగాన్ని ముందు తినేస్తాయి. అల పొట్టిగా, వెడల్పుగా మారుతుంది, కానీ మోసే నీరు దాదాపు అంతే. శిఖరాలు వదిలేసి గీత కింద వైశాల్యాలు పోలిస్తే 0.59 వచ్చింది.

ఇక్కడే నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమనిపించిన లెక్క దొరికింది. అలల లెక్కలో ప్రతి 1.33 సెకన్లకీ వైశాల్యం 0.61 రెట్లవుతుంది. దాన్ని నునుపైన గీతగా గీస్తే దాని కాలస్థిరాంకం (విలువ దాదాపు 37 శాతానికి పడిపోవడానికి పట్టే సమయం) 2.71 సెకన్లు. సంచి లెక్కలో కాలస్థిరాంకం నిరోధం × సాగుడు, అంటే 0.44 × 6.28 = 2.76 సెకన్లు. ఒకదానిలో అల తప్ప సంచి లేదు. ఇంకోదానిలో సంచి తప్ప అల లేదు. తేడా 2 శాతం. ఫ్రాంక్ సంచి ఖాళీ అవడం, అల కొస తగిలి ప్రతిసారీ కాస్త కాస్త పోగొట్టుకోవడం ఒకే సంగతికి రెండు లెక్కలు. గోడకి ఆనుకుని కూర్చుని ఈ రెండు అంకెల్నీ నాలుగైదు సార్లు మళ్లీ మళ్లీ వేసుకున్నాను.

*మొత్తం: 41 గంటలు. 155 స్ట్రోకులు. పనికొచ్చినవి 48.*

దశ 5: పొడవు గొట్టం మీద రెండు విభజనలు

పాత పద్ధతి (1972 వెస్టర్‌హోఫ్ విభజన):

1. పీడనం నుంచి ఆధార పీడనం 4.9 తీసేయాలి.
2. ముందుకెళ్లే అల = (పీడనం + అల నిరోధం × ప్రవాహం) ÷ 2.
3. వెనక్కొచ్చే అల = (పీడనం − అల నిరోధం × ప్రవాహం) ÷ 2.

ఫలితం సాఫీగా వచ్చింది. స్ట్రోకు సమయంలో వెనక్కొచ్చే అల సున్నాకి 0.15 కిలోపాస్కల్ లోపు. 1.33 దగ్గర అల లేచింది. గొట్టంలో నిజంగా జరుగుతున్నదే.

నిల్వ పద్ధతిలో (2003 నాటిది) ముందుగా నిల్వ పీడనం లెక్కకట్టాలి. లోపలికొచ్చిన ప్రవాహం లోంచి బయటికి కారేది తీసేసి, సాగుడుతో భాగిస్తే అది పెరిగే వేగం వస్తుంది. నా సాగుడు, నిరోధం రెండూ తెలిసినవే కాబట్టి ఊహించాల్సింది ఏమీ లేదు. 6 మి.లీ. వెళ్లాక నిల్వ పీడనం 0.9 కిలోపాస్కల్.

ఇప్పుడు 0.8 సెకన్ల దగ్గర చూడండి. స్ట్రోకు అల మొదటి సెన్సర్ దాటి వెళ్లిపోయింది. తిరిగి ఇంకా రాలేదు. అక్కడ పీడనం ఆధారం మీద సున్నా, ప్రవాహం సున్నా. నీళ్లు నిశ్చలం. నిల్వ పద్ధతి మాత్రం అక్కడ 0.75 కిలోపాస్కల్ నిల్వ ఉందంటుంది, కాబట్టి మిగులు పీడనం −0.75. దాన్ని విడదీస్తే ముందుకీ వెనక్కీ చెరో −0.37 పీల్చే అల (పీడనం తగ్గించే అల). ఆ చోట అలాంటిది ఏదీ లేదు. గొట్టానికి వేలు ఆనించినా తెలుస్తుంది, రబ్బరు ఊరికే ఉంటుంది.

నిల్వ పద్ధతి వైపు వాళ్లు దీనికి అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. అల పోయిరావడానికి ఒక గుండె స్పందన కంటే ఎక్కువ సమయం పట్టే గొట్టం సంచి కాదు. మహాధమని అంత పొడుగుండదు. కాబట్టి ఈ ఫలితంతో తీర్పు చెప్పలేను. గొట్టం కోయాలి.

*మొత్తం: 51 గంటలు. 155 స్ట్రోకులు. పనికొచ్చినవి 48.*

దశ 6: 1 మీటరు గొట్టం

కోసే ముందు ఆగాను, అది మంచిదైంది. పొడవు గొట్టంతో తీసిన 48 స్ట్రోకులూ విడిగా దాచుకోవాలి. ఎందుకంటే అవి 1.3 సెకన్ల పాటు కొస లేని గొట్టం రికార్డులు. అదే స్ట్రోకు, అదే రబ్బరు, అదే సెన్సర్. 1 మీటరు గొట్టంతో తీసిన గీత లోంచి వాటిని తీసేస్తే మిగిలేది కొస వల్ల వచ్చింది మాత్రమే. ఏ సూత్రం వాడకుండానే వెనక్కొచ్చే అల చేతికొస్తుంది. పిస్టన్ దగ్గర అది రెట్టింపవుతుంది కాబట్టి సగం చేయాలి, అంతే.

1 మీటరు గొట్టం అంకెలు: సాగుడు 0.785, కాలస్థిరాంకం 0.35 సెకన్లు, పోయిరావడానికి 0.167 సెకన్లు. స్ట్రోకు ముగియక ముందే మొదటి ప్రతిఫలనం తిరిగొచ్చేస్తుంది. గీత చూస్తే ఒక శిఖరం, కాస్త గరుకైన దిగుడు. వేర్వేరు అలలు కంటికి ఆనవు. సంచి అనిపించే ఆకారం.

0.29 సెకన్ల దగ్గర వెనక్కొచ్చే అల గరిష్ఠం:

- రెండు రికార్డుల తేడాతో, సూత్రం లేకుండా: 2.2 కిలోపాస్కల్
- పాత విభజనతో: 2.2 కిలోపాస్కల్
- నిల్వ తీసేసి విభజిస్తే: సున్నా కంటే కింద

ఇంకో చోట తేడా మరీ స్పష్టం. స్ట్రోకు మొదలైన 0.125 సెకన్లకు కొస నుంచి ఏదీ తిరిగి వచ్చి ఉండదు. 0.167 కంటే ముందు రావడం అసాధ్యం. పాత పద్ధతి అక్కడ దాదాపు సున్నా ఇచ్చింది. నిల్వ పద్ధతి −1.6 కిలోపాస్కల్ వెనక్కొచ్చే పీల్చే అల ఇచ్చింది. కొస తాకకుండానే కొస నుంచి అల వచ్చిందంటోంది.

ఆ పద్ధతి వాళ్లు అల నిరోధాన్ని కూడా మిగులు పీడనం నుంచే తీస్తారు. అది కూడా చేసి చూశాను, అన్యాయం చేయకూడదని. మిగులు పీడనాన్ని ప్రవాహం మీద గీస్తే సరళ రేఖ రాలేదు, ఉచ్చులా వచ్చింది. మొదటి భాగం వాలు 0.07. గొట్టం వేగం నుంచి, వ్యాసం నుంచి తెలిసిన నిజమైన విలువ 0.106. తప్పుడు నిరోధం వాడితే అబద్ధపు అల కాస్త చిన్నదవుతుంది కానీ పోదు.

కాబట్టి ఈ గొట్టం విషయంలో మైనార్డ్, సెగర్స్ బృందాల అభ్యంతరమే నాకు నిలబడింది. విడదీయక ముందు నిల్వ తీసేయకూడదు.

*మొత్తం: 58 గంటలు. 215 స్ట్రోకులు. పనికొచ్చినవి 96.*

దశ 7: నిజం గాలి గది

ఇక్కడితో ఆపేస్తే ఒక వైపు మాత్రమే విన్నట్టు. అందుకని 1 మీటరు గొట్టం చివర, సన్న గొట్టాల కట్టకి ముందు, 300 మి.లీ. గాలి ఉన్న గట్టి సీసా పెట్టాను. ఫైరింజన్ గది ఇదే. మూడో సెన్సర్ సీసాలోనే. ఇప్పుడు నిల్వ పీడనం ఊహ కాదు, సెన్సర్ చూపే అంకె.

సీసా సాగుడు లెక్క ప్రకారం కిలోపాస్కల్‌కి 2.8 మి.లీ. ఉండాలి. స్ట్రోకుతో కొలిస్తే 2.1. గంటసేపు లీకు కోసం వెతికాను. లీకు లేదు. 0.25 సెకన్లలో నొక్కితే గాలి వేడెక్కుతుంది, ఆ వేడి సీసా గోడకి పోయే సమయం ఉండదు. మెల్లగా నొక్కే గాలి కంటే గట్టిగా ఎదురుతిరుగుతుంది. 2.8ని 1.4తో భాగిస్తే 2.0. కలిసింది. గాలి గదితో రిగ్ కట్టేవాళ్లు సాగుడుని స్ట్రోకు వేగంతోనే కొలవాలి.

లెక్కకట్టిన నిల్వ పీడనం, సీసాలో కొలిచిన పీడనం 0.6 సెకన్ల తర్వాత 0.05 కిలోపాస్కల్ లోపు కలిశాయి. నిల్వ అనే భావన ఇక్కడ పూర్తిగా నిజం.

ఇక పాత పద్ధతి వంతు. 1.2 సెకన్ల దగ్గర, ఊగులాట సద్దుమణిగాక, పిస్టన్ దగ్గర పీడనం ఆధారం మీద 0.90. ప్రవాహం సున్నా. సూత్రం ఏమంటుంది? ముందుకెళ్లే అల 0.45, వెనక్కొచ్చే అల 0.45. నీళ్లు దాదాపు కదలని గొట్టంలో రెండు పెద్ద అలలు ఎదురెదురుగా దాటుకుంటున్నాయట. టైబర్గ్, పార్కర్ వాళ్ల అసలు అసంతృప్తి ఇదే. సీసా ముందు కూర్చుని ఈ అంకెలు చూసినప్పుడు వాళ్ల ఇబ్బంది నాకు మొదటిసారి మనసుకెక్కింది.

కూడిక ప్రకారం 0.45 తప్పు కాదు. ఇప్పటిదాకా వచ్చిన చిన్న చిన్న అలలన్నిటి మొత్తం అది. తప్పు దాన్ని చదివే తీరులో ఉంది. 0.45 అంటే ఇప్పుడు, ఈ క్షణం కొస నుంచి 0.45 ఎత్తు అల వస్తోందని కాదు. అందుకే మొత్తాలు వదిలేసి మార్పులు చూశాను. 5 మిల్లీసెకన్లకి పీడనం ఎంత మారింది, ప్రవాహం ఎంత మారింది. అలా చూస్తే 1.2 సెకన్ల దగ్గర రెండు వైపులా వచ్చే మార్పు 0.002 కిలోపాస్కల్ కంటే తక్కువ. సీసా మెల్లగా ఖాళీ అవుతోంది, అంతే. పార్కర్, జోన్స్ 1990లో ఇచ్చిన పద్ధతి పట్టించుకునేదీ మార్పులనే. నిల్వ తీసేయకుండానే నిశ్చలం నిశ్చలంగా కనిపిస్తుంది.

మిగిలింది ఆధార పీడనం లెక్క. మనిషి రికార్డుల్లో నిల్వ గీతని దిగుడు భాగానికి అతికించి, అది చివరికి ఏ పీడనం దగ్గర ఆగుతుందో కూడా అక్కడి నుంచే తీస్తారు. నా రిగ్‌లో ఆ పీడనం తొట్టి ఎత్తుతో ముందే తెలుసు, 4.9. చూశాను:

1. దిగుడులో మొదటి 1 సెకను మాత్రమే ఇస్తే: 5.4, కాలస్థిరాంకం 0.8 సెకన్లు
2. 2 సెకన్లు ఇస్తే: 5.1, కాలస్థిరాంకం 1.1
3. 4 సెకన్లు ఇస్తే: 4.95, కాలస్థిరాంకం 1.26

లెక్క ప్రకారం కాలస్థిరాంకం 1.27. కాలస్థిరాంకం కంటే పొట్టి కిటికీ ఇస్తే మూడు తెలియని అంకెలూ ఒకదాని తప్పు ఇంకోటి కప్పేసుకుంటాయి. గీత మీద అతుకు మాత్రం మూడుసార్లూ అందంగానే కనిపించింది. విశ్రాంతిలో ఉన్న గుండెకి స్పందనల మధ్య దొరికే దిగుడు అర సెకను, మహా అయితే ఇంకాస్త.

*మొత్తం: 67 గంటలు. 265 స్ట్రోకులు. పనికొచ్చినవి 130.*

మళ్లీ కట్టేవాళ్లకి వరుస

1. స్కేలు, కొలపాత్రతో పంపు తనిఖీ.
2. ప్రతి సెన్సర్‌కీ టక్కున వదిలే పరీక్ష.
3. గొట్టం లోపలి పొడి తుడవడం, నిరోధం మూడు ఎత్తుల్లో.
4. పొడవు గొట్టంతో కనీసం 40 స్ట్రోకులు. ఇవి పూర్తయ్యేదాకా కత్తెర ముట్టుకోవద్దు.
5. కోసిన 1 మీటరు ముక్క పంపు వైపుదే ఉండాలి, మొదటి సెన్సర్ కదపకూడదు.
6. గాలి సీసా ఆఖర్లో.

మిగిలిన 7 మీటర్ల ముక్క దాచాను. అది మొదటి మీటరు కంటే మెత్తగా ఉంటే, పంపు నుంచి దూరమయ్యే కొద్దీ బిరుసెక్కే నిజమైన ధమనికి అది తలకిందులు. దాన్ని ముక్కలుగా కోసి, గోడ మందం పెరిగే గొట్టాలతో వరసగా అతికించడం దశ 8. మొదటి అతుకు నిన్న రాత్రి ఆరింది, ఇంకా నీళ్లు నింపలేదు.